సూక్ష్మజీవుల సభ, వరిచేను ఎండాకు తెగులు



మాది సిరోంచ. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. ఊరి పక్కనే ప్రాణహిత పారుతుంది. కొంచెం దిగువన అది గోదావరిలో కలుస్తుంది. నది అవతలి ఒడ్డు తెలంగాణ, అక్కడ కాళేశ్వరం. వెనుకటి రోజుల్లో పడవ మీద దాటేవాళ్లం, ఇప్పుడు వంతెన ఉంది. మా ఇళ్లలో తెలుగు, తహసీలు కచేరీలో మరాఠీ, అడవి వైపు నడిస్తే గోండి, మాడియా. ఒక పూటలో మూడు భాషలు వినే ఊరు మాది. అందుకేనేమో, ఈనాటి ప్రసంగానికి కూడా ఒక భాష గురించిన సంగతే ఎన్నుకున్నాను. అయితే ఇది మనుషుల భాష కాదు. కంటికి కనిపించని బాక్టీరియాల భాష. వాటికి నోరు లేదు, చెవి లేదు. అయినా అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, సమయం చూసుకుని మన వరిచేను మీద పడతాయి. ఆ మాట ఎలా సాగుతుందో, అది తెలిస్తే మన రైతుకు ఏం లాభమో మనవి చేస్తాను.

కొన్నేళ్ల కిందట, భాద్రపద మాసంలో, మా ఇంటి దగ్గరి రైతు ఒకాయన బడి దగ్గరికి వచ్చాడు. నేను ఆయన్ని మామా అని పిలుస్తాను. చేతిలో నాలుగు వరి ఆకులు ఉన్నాయి.

"సారూ, జర ఈ ఆకు చూడుండ్రి. కొసల నుంచి ఎండుకుంట వస్తున్నది. ఎండకు మాడినట్టు కాదు, నీళ్లకు తక్కువ లేదు" అన్నాడు.

"ఏమన్నా చల్లినవా మామా?" అని అడిగాను.

"యూరియా తక్కువైందేమో అని మొన్న ఇంకో సంచి చల్లిన. దుకాణంల ఇంకో మందు ఇచ్చిండ్రు, అది కూడా కొట్టిన. ఏం ఫాయిదా లేదు సారూ, ఇంకింత ఎక్కువైంది."

ఆకులు చూశాను. అంచుల వెంట అల అలగా పసుపు చార, కొస నుంచి కిందికి గడ్డి రంగు. నేను బి.ఇడి. చదివినవాణ్ణి, పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. కానీ ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. మరునాడు వ్యవసాయ శాఖ వారి కృషి సహాయక్ వచ్చినప్పుడు ఆయన ఒక చిన్న పని చేసి చూపించాడు. ఆకును పచ్చదనం, ఎండుదనం కలిసే చోట కత్తిరించి, తేట నీళ్లున్న గాజు గ్లాసులో నిలబెట్టాడు. కొద్దిసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నని తీగ నీళ్లలోకి దిగడం మొదలైంది. "గురుజీ, ఇదే కడా కరపా. ఆ తెల్లటిది అంతా జీవాణువులే" అన్నాడు.

మరాఠీలో కడా కరపా అంటే తెలుగులో బాక్టీరియా ఎండాకు తెగులు. దాన్ని తెచ్చే జీవి పేరు జాంథోమోనాస్ ఒరైజే. మామ కొట్టిన మందు బూజు తెగుళ్లది. బూజు వేరు, బాక్టీరియా వేరు. కాబట్టి ఆ మందు దీని మీద పని చేయదు. ఇక ఆయన చల్లిన యూరియా తెగులుకు మేత వేసినట్టయింది. నత్రజని ఎక్కువైన చేలో ఆకు మెత్తబడి, గుబురు పెరిగి, ఈ తెగులు మరింత చెలరేగుతుంది. అప్పు తెచ్చి కొన్న రెండు సంచులూ ఆయనకు ఎదురు తిరిగాయి. ఆ ఏడు ఆ మడిలో తాలు గింజలే ఎక్కువ రాలాయి.

ఈ తెగులు కొత్తది కాదు. జపాను దేశంలో 1884లోనే రైతులు దీన్ని గుర్తించారు. మన దేశంలో మొదట కనిపించింది 1951లో, మా మహారాష్ట్రలోనే, కొంకణ తీరంలోని అప్పటి కొలాబా జిల్లాలో. 1963లో బీహారు రాష్ట్రంలో చేలకు చేలను ఊడ్చిపెట్టింది. తీవ్రంగా వచ్చిన ఏడు సగం పంట వరకు పోవచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక్క బాక్టీరియా కణం ఆకులోకి ప్రవేశించింది అనుకోండి. ఆకు అంచున మంచు బిందువులు కారే సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటి గుండానో గాయం గుండానో లోపలికి వస్తుంది. నీళ్లు మోసే నాళాల్లో చేరుతుంది. వెంటనే దాడి మొదలుపెడితే ఏమవుతుంది? దాని ఆయుధాలు మొక్క కణాల గోడల్ని కరిగించే ఎంజైములు. అయితే గోడ కరగడం మొదలైతే మొక్కకు తెలిసిపోతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రంలో డాక్టర్ రమేశ్ సొంటి గారి బృందం ఇదే వరి తెగులు మీద ఏళ్ల తరబడి పని చేసింది. బాక్టీరియా వదిలే ఈ ఎంజైముల వల్లనే వరిమొక్క మేలుకుని రక్షణకు సిద్ధమవుతుందని వారు చూపించారు. అంటే ఒంటరిగా తలుపు తట్టిన దొంగ ఇంటివాళ్లను లేపి, తానే దొరికిపోయినట్టు. అందువల్ల బాక్టీరియాకు తన తోటివాళ్లు ఎందరున్నారో తెలియడం ప్రాణావసరం.

మరి లెక్కపెట్టడం ఎలా? మా బడిలో ఏడవ తరగతి పిల్లవాడు ఒకడు నన్ను అడిగిన ప్రశ్న ఇదే. "సారూ, దానికి తలకాయనే లేదు కదా, ఎట్ల లెక్కపెడతది?"

వాడికి నేను ఇప్ప చెట్టుతో జవాబు చెప్పాను. మా అడవుల్లో ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలుతాయి. దోవలో ఒక్క పువ్వు పడి ఉంటే దాటిపోయేవాడికి వాసన తెలియదు. చెట్టు కింద చాప పరిచినట్టు రాలిన తెల్లవారుజామున మాత్రం చాలా దూరం నుంచే తెలుస్తుంది. పూలను ఎవ్వరూ లెక్కపెట్టలేదు. వాసన ఎంత చిక్కగా ఉందో దాన్నిబట్టి పూలెన్నో తెలిసింది. బాక్టీరియా చేసేదీ అంతే. ప్రతి కణమూ ఒక చిన్న రసాయనాన్ని తయారు చేసి బయటికి వదులుతుంది. పదిమందే ఉంటే ఆ రసాయనం పలచబడి పోతుంది. లక్షలుగా పెరిగితే చిక్కబడుతుంది. ఒక హద్దు దాటగానే ప్రతి కణమూ దాన్ని పసిగడుతుంది. అప్పుడు లోపల నిద్రపోతున్న కొన్ని జన్యువులు మేలుకుంటాయి, కొన్ని నిద్రలోకి పోతాయి. అందరూ ఒకేసారి పని మొదలుపెడతారు.

ఈ సంగతిని మొదట గమనించింది సముద్రంలో. వెలుగునిచ్చే ఒక రకం బాక్టీరియా ఉంది, పేరు విబ్రియో ఫిషరి. హవాయి తీరంలో ఒక చిన్న సముద్ర జీవి, స్క్విడ్ అంటారు, దాని ఒంట్లో కాపురం చేస్తుంది. సముద్రపు నీళ్లలో విడివిడిగా ఉన్నప్పుడు వెలగదు, గుంపుగా చేరితేనే వెలుగుతుంది. అమెరికాలో నీల్సన్, హేస్టింగ్స్ అనే శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 1970లో దీని మర్మం ప్రకటించారు. చాలాకాలం అది ఒక వింతగానే మిగిలింది. తర్వాత తర్వాత రోగాలు తెచ్చే బాక్టీరియాల్లోనూ ఇదే పద్ధతి ఉందని తేలింది. 1994లో దీనికి ఒక పేరు పెట్టారు, కోరం సెన్సింగ్ అని.

కోరం అన్న మాట మన పల్లెల్లో అందరికీ తెలుసు. గ్రామసభ పిలుస్తారు, సరిపడా జనం రారు, "కోరం కాలేదు, సభ వాయిదా" అంటారు. మరాఠీలో దీన్ని గణపూర్తి అంటాం. కోరం అయితేనే తీర్మానానికి విలువ. బాక్టీరియాల సభకూ అదే నియమం. కోరం పూర్తి కాకముందు తీర్మానం లేదు, దాడి లేదు.

వరి తెగులు బాక్టీరియా, దాని బంధువులు వాడే సంకేత రసాయనానికి శాస్త్రజ్ఞులు డీ.ఎస్.ఎఫ్. అని పేరు పెట్టారు. వ్యాపించే సంకేత పదార్థం అని దాని అర్థం. ఇది ఒక రకం కొవ్వు ఆమ్లం. క్యాబేజీ ఆకులకు నల్లకుళ్లు తెచ్చే జాంథోమోనాస్‌లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు దీన్ని 1997లో వివరించారు. 2004లో దాని రసాయన నిర్మాణం తేలింది. ఆర్.పి.ఎఫ్.ఎఫ్. అనే జన్యువు దీన్ని తయారు చేయిస్తుంది. అది నోరు అనుకోండి. కణం పొర మీద ఆర్.పి.ఎఫ్.సి. అనే మరో ప్రొటీను దీన్ని పట్టుకుంటుంది. అది చెవి. చెవికి సంకేతం తాకగానే లోపల ఉన్న మూడో ప్రొటీనుకు కబురు అందుతుంది, అది జన్యువుల్ని మేలుకొలిపే పనికి దారి చేస్తుంది. నోరు, చెవి, కబురు మోసేవాడు. మన ఊళ్లో దండోరా వేయించే పద్ధతి కంటే ఇది పెద్ద భిన్నం కాదు.

మన హైదరాబాదు పని ఇక్కడ మళ్లీ ముందుకు వస్తుంది. 2002లో సుభదీప్ చటర్జీ, రమేశ్ సొంటి గార్లు ఒక విషయం ప్రకటించారు. వరి తెగులు బాక్టీరియాలో ఆ నోటి జన్యువును, అంటే ఆర్.పి.ఎఫ్.ఎఫ్.ను చెడగొట్టారు. బాక్టీరియా బతికే ఉంది. కానీ వరికి జబ్బు తేవడంలో బాగా వెనుకబడింది. ఎందుకు? క్యాబేజీ తెగులులో నోరు మూస్తే గోడ కరిగించే ఎంజైములు, జిగురు తగ్గిపోతాయి. వరి తెగులులో అవి తగ్గలేదు. మరో లోపం కనిపించింది. ఇనుము తక్కువగా ఉన్నచోట అది పెరగలేకపోయింది. మొక్క లోపల ఇనుము దొరకడం కష్టం. బయటి నుంచి ఇనుము అందిస్తే మొక్కలో దాని పెరుగుదల మళ్లీ మెరుగుపడింది. అంటే తోటివాళ్లతో మాట పోతే ఆ జీవికి తిండి సంపాదించుకోవడమే రాకుండా పోయింది. సంకేతం ఒకటే, కానీ క్యాబేజీలో ఒక పనికి, వరిలో ఇంకో పనికి వాడుకుంటున్నాయి. ఒకే మాటకు సిరోంచలో ఒక అర్థం, నాగపూరులో ఇంకో అర్థం ఉన్నట్టు.

అన్ని బాక్టీరియాలూ గుంపు చేరాకే దాడి చేస్తాయని కూడా అనుకోకూడదు. కలరా సంగతి చూడండి. వానాకాలంలో నది ఒడ్డు ఊళ్లకు ఇది పాత శత్రువు. కలరా క్రిమిని 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో పరిశోధించాడు. అది వదిలే విషమే రోగానికి మూలమని అదే నగరంలో శంభునాథ్ డే 1959లో నిరూపించాడు. ఈ క్రిమి పద్ధతి తలకిందులు. తక్కువ మంది ఉన్నప్పుడే విషం వదులుతుంది, పేగుకు అతుక్కుంటుంది. గుంపు పెరిగి సంకేతం చిక్కబడగానే విషం ఆపి, పట్టు వదిలి, విరేచనాలతో బయటికి పోయే ఏర్పాటు చేసుకుంటుంది. మరో మనిషిని చేరడమే దాని ఉద్దేశం. ఆ సంకేత రసాయనం ఏదో అమెరికాలో బానీ బాస్లర్ అనే శాస్త్రవేత్త బృందం 2007లో గుర్తించింది. కనుక రోగి విరేచనాలు నీళ్లలో కలవకుండా చూడడం, నీళ్లు మరగబెట్టి తాగడం, రోగికి వెంటనే ఓ.ఆర్.ఎస్. పట్టించడం ఎంత ముఖ్యమో దీనితో మరింత తెలుస్తుంది.

ఇంత తెలుసుకున్నాక ఒక ఆలోచన సహజంగా వస్తుంది. బాక్టీరియాను చంపడం ఎందుకు, దాని మాటను ఆపితే చాలదా? 2001లో ఒక శాస్త్రజ్ఞుల బృందం ఇలాగే చేసి చూపించింది. బంగాళదుంపను కుళ్లబెట్టే బాక్టీరియా ఒకటి వేరే రకం సంకేతం వాడుతుంది. మట్టిలో ఉండే బాసిల్లస్ అనే బాక్టీరియాకు ఆ సంకేతాన్ని విరిచేసే ఎంజైము ఉంది. ఆ ఎంజైము జన్యువును బంగాళదుంప, పొగాకు మొక్కల్లో పెట్టారు. కుళ్లు వాటిని అంతగా పట్టలేదు. సభకు జనం వచ్చారు, కానీ దండోరా ఎవరికీ వినపడలేదు.

ఈ దారిలో ఒక పెద్ద మేలు ఉంది. చంపే మందు వాడితే చావని ఒకటో రెండో మిగిలి, వాటి సంతానం మొండిదవుతుంది. వరి ఎండాకు తెగులుకు మన దేశంలో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన మందును చాలాకాలం చల్లారు. ఇవి రెండూ మనుషుల మందులు. స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగికి ఇచ్చేది. చేలో చల్లిన మందుకు మట్టిలోని బాక్టీరియాలు అలవాటు పడితే, ఆ మొండితనం ఒక జాతి నుంచి మరో జాతికి పాకగలదు. రేపు మన ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే ఆ మందు పని చేయకపోవచ్చు. అందుకే 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఈ మందును సేద్యంలో ఆపివేయడానికి ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. మాట ఆపే మందు బాక్టీరియాను చంపదు కాబట్టి ఆ మొండితనం అంత తొందరగా రాదని శాస్త్రజ్ఞుల ఆశ. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది ఇంకా ప్రయోగశాల విద్యే. వరి ఎండాకు తెగులుకు "మాట ఆపే మందు" అని ఎవరైనా సీసా చూపించి అమ్మజూపితే నమ్మవద్దు.

అలాగని రైతు చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. కోరం కాకుండా చూడడం మన చేతుల్లోనే ఉంది. సభకు జనం చేరకపోతే తీర్మానమే లేదు కదా. ఆ విధంగా చూస్తే వ్యవసాయ శాఖ వారు ఏనాటి నుంచో చెబుతున్న జాగ్రత్తలకు అర్థం తెలుస్తుంది.

మొదటిది, నాటు వేసేటప్పుడు నారు కొసలు తుంచకండి. తుంచిన ప్రతి కొసా బాక్టీరియాకు తెరిచిన తలుపు. రెండవది, తెగులు ఉన్న మడి నీళ్లు పక్క మడిలోకి వదలకండి. ఆ నీళ్లతో పాటు బాక్టీరియాలూ పోతాయి. 2022 జూలై వరదల్లో మా తాలూకా చేలు ఎన్నో రోజులు మునిగి ఉన్నాయి. అటువంటి ఏడు మరింత కనిపెట్టి ఉండాలి. మూడవది, యూరియా ఒకేసారి గుమ్మరించకుండా దఫదఫాలుగా వేయండి. తెగులు కనిపించిందా, చేతిలో ఉన్న సంచి పక్కన పెట్టండి. నాలుగవది, పొద్దున మంచు ఆరకముందు తెగులు చేలో తిరగకండి. ఆకుల మీద పసుపు చుక్కల్లా ఉండేది బాక్టీరియా జిగురే. మన బట్టలకు, కాళ్లకు అంటుకుని తెగులు లేని మడికి చేరుతుంది. అయిదవది, ఏ మందైనా కొనేముందు గాజు గ్లాసు పరీక్ష చేయండి. దానికి ఖర్చు లేదు. ఒక ఆకు, గ్లాసెడు తేట నీళ్లు, కొంచెం ఓపిక చాలు.

అన్నిటికంటే గట్టిది విత్తనం. సాంబ మసూరి, అంటే బీపీటీ, 1986లో బాపట్ల నుంచి వచ్చిన రకం. సన్న బియ్యం, రుచికి పేరు. కానీ ఎండాకు తెగులును తట్టుకోలేదు. సీసీఎంబీ వారు, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వారు కలిసి దానిలోకి మూడు తట్టుకునే జన్యువులను తెచ్చారు. అందులో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఇది ప్రయోగశాలలో జన్యువు అతికించిన పంట కాదు. మామూలు సంకరం చేసి, ఏ మొక్కలో మూడు జన్యువులూ ఉన్నాయో గుర్తు పట్టి ఏరుకున్నారు. 2008లో మెరుగైన సాంబ మసూరి అనే పేరుతో విడుదలైంది. తలుపుకు ఒక గడియ ఉంటే దొంగ తీయగలడు, మూడు ఉంటే కష్టం. ఇది హైబ్రిడ్ కాదు కాబట్టి రైతు విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. గింజ తీరు, వంట తీరు పాత సాంబ మసూరిదే.

మా మామ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఏడు గడిచాక ఆయన నన్ను అడిగాడు. "సారూ, ఆ గ్లాసు ఉపాయం నాకు ముందే తెలిస్తే ఆ రెండు సంచుల పైసలు మిగిలేటివి కాదా?" మిగిలేవే. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. అప్పటి నుంచి ప్రతి వానాకాలం మా తరగతిలో ఒక పాఠం గాజు గ్లాసుతో నడుస్తుంది. పిల్లలు తమ తమ చేల నుంచి ఆకులు తెస్తారు. కొన్ని గ్లాసుల్లో నీళ్లు తేటగానే ఉంటాయి, అది వేరే తెగులో, వేరే లోపమో. కొన్నిటిలో పాల తీగ దిగుతుంది. ఆ సాయంత్రం పిల్లలు ఇంటికి పోయి చెబుతారు, "బాపూ, యూరియా చల్లకు" అని. పోయినేడు మామ మనుమరాలు ఒక ఆకు తెచ్చింది. పాల తీగ దిగింది. మామ ఆ మడి నీళ్లు పక్క మడిలోకి పోకుండా గట్టు కట్టాడు, యూరియా ఆపాడు, దుకాణానికి పోలేదు. తెగులు ఆ మడి దాటలేదు.

బాక్టీరియాలు తమలో తాము మాట్లాడుకుని మన పంట తింటున్నాయి. మనం కూడా ఒకరికొకరం చెప్పుకుంటే, పొలం గట్టు మీద, అంగట్లో, బడిలో, వాటి మాట సాగకుండా చేయగలం. ఈ ప్రసంగం విన్నవాళ్లు గాజు గ్లాసు సంగతి ఇంకొక్క రైతుకైనా చెబితే నా శ్రమ ఫలించినట్టే.